అమ్మ రికార్డు మీద గీత

అమ్మ రికార్డు మీద గీత పెట్టింది నేనే. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డైరీలో కూడా మంచు కురిసిందని మాత్రమే రాసుకున్నాను. మొన్న బేస్‌మెంట్‌లో పాత పెట్టె తెరిస్తే, తడిసి ఆరిన అట్ట వాసనతో ఆ రికార్డు కవరు బయటపడింది: సూట్లు వేసుకున్న ముగ్గురు మగవాళ్ళు, వాళ్ళ మధ్య మెడ దాకా, మణికట్ల దాకా గౌను కప్పుకున్న ఒక పిల్ల. ఆస్ట్రేలియా పాటగాళ్ళు. లండన్ వెళ్ళి పేరు తెచ్చుకుని, అమెరికా రేడియోల్లోకెక్కి, నాకు ఊహ తెలిసేనాటికే విడిపోయినవాళ్ళు.

ఆ గౌను వల్లే మా ఇంట్లో పొరపాటు జరిగింది. డెబ్బైల చివర, అమెరికాలోని అరోరాలో, మా వీధిలో ఎవరో ఇంటి పాతసామాను గరాజ్ సేల్ పెడితే అమ్మ ఆ రికార్డు కొనుక్కొచ్చింది. అంత నిండుగా బట్టలు కట్టుకున్న పిల్ల చర్చి క్వయర్‌లో కాక ఇంకెక్కడ పాడుతుందని, సంఘపెద్ద అయిన నాన్న కూడా నమ్మాడు. ఆ క్రిస్మస్ ముందు మా ఇంట్లో ప్రార్థన కూటం. పిండివంటకి గులాబీపువ్వులు వేయించిన నూనె వాసన, తడి కోట్ల వాసన, మంచం మీద గుట్టపోసిన ఆ కోట్ల కింద పిల్లలమైన మా దాగుడుమూతలు, వీటన్నిటి మధ్య నాన్న గొంతు సవరించుకుని రికార్డు పెట్టాడు. పెద్దవాళ్ళు భక్తిగా కళ్ళు మూసుకున్నారు. రెండో పాటకి, ఇక్కడి స్కూల్లో పనిచేసే సుగుణ ఆంటీ ఒక కన్ను తెరిచింది.

"బ్రదర్‌గారూ, ఇది దేవుడి పాట కాదండీ. ప్రియుణ్ణి వదిలేసి పోతున్న పిల్ల పాట. ఆమెన్ అనమంటారా?"

నాన్న చప్పున ముల్లు ఎత్తేశాడు.

నాకు అనుమానం పట్టుకుంది అప్పుడే. స్కూల్ బస్ దిగి వస్తుంటే కిటికీలోంచి ఆ పిల్ల గొంతు, దాని వెనకే అమ్మ గొంతు వినిపించేవి. నేను తలుపు తోయగానే రెండూ ఆగిపోయేవి.

"ఎవరమ్మా పాడుతోంది?"

"ఎవరూ లేరే. రేడియో."

రేడియో ప్లగ్ తీసేసి ఉండేది. అమ్మ దిండు గలీబులో ఒక పొడుగాటి కవరు కూడా చూశాను. విమానం టికెట్టే అనుకున్నాను. భోజనాల దగ్గర నాన్న అమ్మ ఇంగ్లీషుని వెక్కిరించి నవ్వుతుంటే, అమ్మ చారు వడ్డిస్తూ పోతుంటే, మమ్మల్ని వదిలి వెళ్ళిపోవడానికే సిద్ధమవుతోందని తేల్చేసుకున్నాను. పాట వినిపించిన రోజు డైరీ పేజీ మూలన చుక్క పెట్టేదాన్ని. చుక్కలు ఎక్కువయ్యాయి. ఒకరోజు అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు, వదిలిపోయే ఆ పాట మీదుగా పిన్నీసుతో గట్టిగా గీశాను.

అమ్మ పమిటచెంగుతో ఆ గీతని చాలాసేపు తుడిచింది. ఎవరినీ ఏమీ అడగలేదు. మా ఇంట్లో మధ్యాహ్నాలు మూగబోయాయి, దిండులో కవరు మాయమైంది, అమ్మ ఇక ఎక్కడికీ వెళ్ళదని నేను సంతోషించాను.

రెండేళ్ళ తర్వాత ఆ కవరు మళ్ళీ బల్ల మీదకి వచ్చింది. అది నర్సు లైసెన్సు పరీక్షకి దరఖాస్తు. పెళ్ళికి ముందు గుంటూరులో నర్సుగా చేసిన అమ్మ, ఇక్కడా ఆ పని చేయాలని, ఆ పిల్ల వెంట ఒక్కో మాటా పలుకుతూ నాలుకకి ఇంగ్లీషు అలవాటు చేసుకునేదట. పాసైన రోజు ఈ సంగతంతా నాన్నతో తనే చెప్పింది. మధ్యలో పోయిన రెండేళ్ళ గురించి మాత్రం ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇదంతా జరిగి పదిహేనేళ్ళయింది. ఇప్పుడు ఇళ్ళల్లో కూటాలు లేవు, సంఘానికి సొంత హాలుంది; రికార్డు ప్లేయర్ ఎవరికో ఇచ్చేశాం. ఆ నలుగురు మాత్రం పోలేదు. పాతపాటల స్టేషన్‌లో వస్తూనే ఉంటారు, మాల్‌లో క్యాసెట్లలో దొరుకుతూనే ఉంటారు. జనం వీళ్ళని ఎందుకు వదలరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నిన్న ఒక క్యాసెట్ కొని, డ్యూటీకి బయల్దేరుతున్న అమ్మకి కార్ దగ్గర ఇచ్చాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. ఆ పాటలంటే అంత ఇష్టం ఎందుకని మాత్రం అడిగాను.

అమ్మ సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ అంది: "పాటలదేముందే! ఈ దేశం వచ్చాక, ప్రతి మాటా నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. దానిదీ ఈ దేశం కాదు మరి."