చింతమొద్దుకు ఇంకు పూసిన ఘనత

ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మీరు మాత్రం నవ్వుతారు, తెలుసు. నవ్వండి. ఒక పెళ్ళివిందునూ, ఒక మటన్ దుకాణాన్నీ, మా బాపు పరువునూ ఒక్క మధ్యాహ్నంలో మసి చేసిన ఘనురాలిని నేనే.

మాది చేవెళ్ళ. బజారులో బాపుది మటన్ దుకాణం. నేనేమో బొమ్మల కాలేజీలో చదువుతూ, సెలవుల్లో మొయినాబాద్ దగ్గర ఒక ఫాంహౌస్‌లో అచ్చుల పని నేర్చుకునేదాన్ని. చెక్క మీద బొమ్మ చెక్కడం, ఇంకు పూయడం, కాగితం పరచి అచ్చు తీయడం. నేర్పే మేడం రోజూ ఒకటే మాట: "నీ కళ నీ ఇంట్లోంచి రావాలమ్మా." ఇప్పుడు కనబడితే అడుగుతాను, మేడం, మీ ఇంట్లోంచి ఎందుకు రాలేదూ అని.

చెట్టును అడ్డంగా కోసిన చెక్క మీద గీత సన్నగా పడుతుందనీ, అలాంటి చెక్క దొరకడం కష్టమనీ చెప్పింది కూడా ఆవిడే. ఏం కష్టం? మా దుకాణంలో నడుమెత్తు మొద్దే ఉంది. తాత కాలం నాటి చింతమొద్దు, కూర కొట్టేది (మా దిక్కు మాంసాన్ని కూరనే అంటాం). పని అయిపోగానే బాపు దాన్ని కత్తితో గీకి, ఉప్పూ పసుపూ రాసి, గోనెసంచి కప్పేవాడు. నాకు జ్వరమొస్తే దుప్పటి అంత జాగ్రత్తగా కప్పిన గుర్తు లేదు.

ఆ శనివారం బాపు యాటలు, అదే మేకలూ గొర్రెలూ, తేవడానికి షాబాద్ దిక్కు పోయాడు. మర్నాడు ముడిమ్యాలలో డేవిడ్ సారు బిడ్డ పెళ్ళి. విందుకు కూర మొత్తం మా దుకాణం నుంచే పోవాలి. అంత పెద్ద ఆర్డరు బాపుకు ఎన్నడూ రాలేదు. ఇంట్లో వారం నుంచీ అదే ముచ్చట. అది తెలిసి కూడా, వినండి, తెలిసి కూడా నేను ఆ గోనెసంచి తీశాను.

రోలరుతో నల్ల ఇంకు పూశాను. కాగితం పరచి చెంచా వెనకవైపుతో రుద్దాను. లేపి చూస్తే, ఏం చెప్పను! చెట్టు వలయాలన్నీ నల్లగా, వాటి మీద తాతవీ బాపువీ కత్తిగాట్లన్నీ తెల్లగా, ఒక్కటి కూడా పోకుండా పడ్డాయి. దుకాణంలో ఒక్కదాన్నే గంతులు వేశాను.

అది నూనె ఇంకని, నీళ్ళకు పోదని కళాకారిణి గారికి అప్పుడు గుర్తొచ్చింది. ఫాంహౌస్‌లో కిరసనాయిలుతో తుడిచేవాళ్ళం కదా, అదే పోశాను. నలుపు గాట్లలోకి దిగిపోయి పైకి శుభ్రంగా కనబడింది. వాసన పోవాలని నిమ్మకాయలు రుద్దాను. చాలలేదు. ఫినాయిలు పోశాను. చివరికి సంచి కప్పి, ఊదుబత్తి వెలిగించి, ఇంటికొచ్చి అన్నం తిన్నాను. నిద్ర కూడా పట్టింది, సిగ్గులేని దానికి.

తెల్లారి బాపు మొదటి తొడను మొద్దు మీద పెట్టి కత్తి దించాడు. గాట్లలో దాగిన ఇంకు పైకి ఉబికింది. ముక్కలన్నీ నల్లబడ్డాయి. బాపు ఒక ముక్క తీసి వాసన చూశాడు. ఊదుబత్తి పుల్లను చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"ఏం జేసినవ్?"

"ప్రింట్ తీసిన, బాపు."

"దేనిది?"

"మొద్దుది."

బాపు కత్తిని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. "ఫోన్ల ఫోటో కొట్టుకుంటే అయిపోతుండె గదనే" అన్నాడు.

పాడైన కూర పారేశాం. ఇంతలో డేవిడ్ సారు ఫోను, వంటవాళ్ళు పొయ్యిలు ముట్టించారట. అంత కూర కొట్టగలిగే మొద్దు బజారులో ఇంకొక్కటే ఉంది, ఎదురు దుకాణం నర్సింలు కాకది. మురికికాలువ దగ్గర గొడవపడి ఆయనా బాపూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. బాపు కత్తి తీసుకుని రోడ్డు దాటాడు. నేను గంప నెత్తిన పెట్టుకుని వెనకాలే నడిచాను.

కాక కాదనలేదు. అదే ఘోరం. మొద్దు ఇచ్చి, కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. "జర చిన్నగ కొట్టు అన్నా, పెండ్లికూర గదా" అంటూ, పుట్టినప్పటి నుంచీ కూర కొడుతున్న మనిషికి పాఠం చెప్పాడు. వచ్చిన ప్రతి గిరాకీకీ నన్ను చూపించాడు: "అన్న మొద్దుకు గీ పిల్లనే రంగేసింది. పెద్ద సదువు సదువుతున్నది." బాపు పళ్ళు కొరుకుతూ కొట్టాడు. నాకు కాక మీద, మేడం మీద, నా మీద ఒకేసారి కోపం వచ్చి ఏడుపు తన్నుకొచ్చింది.

కూర వేళకే ముడిమ్యాల చేరింది, పెళ్ళివాళ్ళు మెచ్చుకున్నారు కూడా. బాపు మాత్రం నాతో మాట మానేశాడు. మొద్దు పైభాగం రంపంతో కోయించి పొయ్యిలో పెట్టించాడు. తాత గాట్లు ఇప్పుడు నా కాగితం మీద తప్ప ఎక్కడా లేవు. ఆ కాగితం ఇంట్లో చూపించే ధైర్యం నాకు లేదు.

మళ్ళీ సెలవులకు వచ్చినప్పుడు బాపు చాయ్ తాగుతూ నన్ను దగ్గరికి పిలిచాడు. చూపు మాత్రం ఎదురు దుకాణం మీదే ఉంది.

"బిడ్డా, గా నల్ల ఇంకు ఇంకేమన్న మిగిలిందా?"

"ఎందుకు, బాపు?"

"నర్సింలు మొద్దు గూడ మంచిగున్నది. రేపు వానికి పెద్ద ఆర్డరున్నదట."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నా రోలరు సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. కూర కొట్టే మొద్దు జోలికి ఈ జన్మలో పోను. బాపు అడిగినా పోను. మరీ బతిమాలితే మాత్రం, డబ్బాలో సగం ఇంకు అలాగే ఉంది.