బోల్టు పడలేదు

ఈవెన్ గెడ్డిస్ తన తూటాలు తానే తయారుచేసుకునేవాడు. కొట్లో తూటా అందరి తుపాకుల్నీ దృష్టిలో పెట్టుకుని చేస్తారనీ, అందుకే అది ఎవరి తుపాకికీ సరిగ్గా నప్పదనీ అతని వాదన. బతుకంతా వయావ్ నది పక్కన గొర్రెల పొలాలకు కంచెలు వేసిన మనిషి. గుంజ పాతాక పక్కవాడు "చాల్లేవయ్యా" అన్నా వినడు, మళ్ళీ ఓసారి ఊపి చూడాల్సిందే. "ఈయన టీలో చక్కెర కూడా తూకం వేస్తాడమ్మా" అని భార్య మేవిస్ నవ్వేది.

ఆ మేవిసే చివరి రోజుల్లో కెటిల్‌ని దుప్పట్ల అలమరలో దాచేది. కన్నకూతురు రోనాని పట్టుకుని "ఎవరి పిల్లవే నువ్వు?" అని అడిగేది. అప్పట్నించీ ఆ ఇంట్లో మతిమరుపు అన్న మాట సరదాకి కూడా ఎవరూ అనరు.

వేటలో ఈవెన్‌కి తోడు అతని స్నేహితుడు టిపెనె. ఇద్దరివీ ఒకే కొలత తూటాలు. కాల్చాక మిగిలే ఇత్తడి గుల్లల్ని ఏరి తెచ్చి, మళ్ళీ మందు నింపి, కొత్త గుండు బిగించేది మాత్రం ఈవెనే. అతని గుల్లలు పాకం డబ్బాలో ఉండేవి, టిపెనెవి పాలపొడి డబ్బాలో. ఆ రెండూ కలవకూడదని ఈవెన్ చేసిన చట్టం. పేలినప్పుడు గుల్ల ఉబ్బి, తుపాకి లోపలి గది ఎంత ఉంటే అంత అవుతుంది. టిపెనె తుపాకి గది కాస్త వదులు. "నాలాగే దానికీ పొట్ట ఉందిరా, ఏం చేస్తాం!" అనేవాడు టిపెనె. అతని గుల్లల్ని అచ్చులో ఇంకాస్త లోతుకి నొక్కితే తప్ప ఈవెన్ తుపాకిలో పట్టవు.

టిపెనె కిందటేడాది చలికాలంలో పోయాడు. ఆ పాలపొడి డబ్బాని అతని భార్య తెచ్చి ఇస్తే, ఈవెన్ పై అరలో పెట్టాడు. మోకాళ్ళు కొండలెక్కనని మొరాయించాక తన తుపాకిని రోనాకి ఇచ్చేసి, కుందేళ్ళకని చిన్నది ఒకటి ఉంచుకున్నాడు. తూటాలు చేసిపెట్టే పని మాత్రం వదల్లేదు.

ఏప్రిల్లో మగ దుప్పులు కొండల్లో అరుస్తాయి. ఆ అరుపు విని, పొదల్లో పాక్కుంటూ వెళ్ళి వేటాడాలి. ఏడాదంతా ఆ కొద్ది వారాల కోసమే ఎదురుచూసే రోనా, ఆసారి వేట దొరక్కుండానే తండ్రి వంటింట్లోకి వచ్చి, అతను చేసిచ్చిన తూటాలు బల్ల మీద పెట్టింది.

"బోల్టు పడలేదు నాన్నా."

"పడకపోవడమేంటి?"

"సగం దిగి ఆగిపోయింది, తుపాకి మూసుకోలేదు. ఇంకో తూటా పెట్టా, అదీ అంతే. నేను దాంతో కుస్తీ పడుతుంటే ఆ దుప్పి నిలబడి నన్నే చూసింది. పాపం, జాలేసిందేమో! తీరిగ్గా నడుచుకుంటూ పోయింది."

"కొంపదీసి గట్టిగా తోసి మూయలేదు కదా?"

"నీ కూతుర్ని నాన్నా. అంత తెలివితక్కువగా పెంచావా?"

ఈవెన్ ఒక తూటా తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. చూపుకి ఏ లోపమూ లేదు. రోనా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. పాలడెయిరీలో ఆవుల మధ్య ఆరిందాలా తిరిగే మనిషి, ఇక్కడ మాటల కోసం వెతుక్కుంటోంది.

"గురువారం తుపాకి లైసెన్సు ఆఫీసరు వస్తున్నాడు కదా," అంది.

"వస్తే రానీ. ఎప్పుడూ వచ్చేవాళ్ళేగా."

"నన్ను విడిగా కూర్చోబెట్టి అడుగుతాడు, మీ నాన్న చేతిలో తుపాకి ఉండొచ్చా అని. ఏం చెప్పమంటావ్?"

"ఉన్నది చెప్పు."

"అదే నా భయం." ఆమె కళ్ళు బల్ల మీదే ఉన్నాయి. "అమ్మకి కూడా ఇలాగే మొదలైంది నాన్నా. చిన్న చిన్న పొరపాట్లే. నేను అబద్ధం చెప్పలేను."

ఈవెన్ తూటాని బల్ల మీద నిలబెట్టాడు. లైసెన్సు పోతే పోయింది, కుందేళ్ళు బతికిపోతాయి. కానీ కూతురి నోటితో ఆ మాట ఒక కాగితం మీదకి ఎక్కిందంటే, తానూ మేవిస్ వెళ్ళిన దారిలోనే ఉన్నాడన్నమాట. అతనికి చావంటే లేని భయం ఆ దారంటే ఉంది.

"తుపాకి ఇక్కడ ఉంచి వెళ్ళు" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఏమైందో దాన్నే అడుగుతా."

మర్నాడు పొద్దున్నే షెడ్డులో కూర్చున్నాడు. మందున్న తూటాని ఇంట్లో తుపాకికి ఎక్కించి చూసేవాడు శుద్ధ వెధవని అతని అభిప్రాయం. అందుకని రోనా తెచ్చిన వాటిలోంచి గుండు పీకి, మందు ఒంపేసి, అడుగున ఉండే నిప్పు బిళ్ళని కూడా ఊడదీశాడు. ఒట్టి గుల్లని తుపాకిలో పెట్టి బోల్టు తోశాడు. అప్పుడూ బిగిసింది. అంటే గుండు మరీ పైకి ఉండి గొట్టానికి తగలడం కాదు. గుల్ల మెడ సాగి పొడవైందేమోనని కొలిచాడు. అదీ కాదు. గుల్లని కొవ్వొత్తి మంట మీద తిప్పి, నల్లగా మసి పట్టించి, మళ్ళీ లోపలికి పెట్టి తీశాడు. మెడ కింద ఏటవాలుగా ఉండే భుజం దగ్గర మసి చెరిగి ఇత్తడి తళతళలాడింది. తగులుతున్నది అక్కడే.

భుజాన్ని వెనక్కి నొక్కేది అచ్చు. అచ్చుని బిగించింది ఈవెన్. కొలత తప్పింది తన చెయ్యేనన్నమాట!

అయినా అలవాటు ఊరుకోనివ్వదు కదా. వాటితో పాటు ఒకే రోజున చేసిన మిగతా తూటాలు కూడా విప్పి, ఒక్కొక్క గుల్లా పెట్టి చూశాడు. వాటిలో చాలా వరకు వెన్నలా దిగాయి. కొన్నే బిగిశాయి. అచ్చు అదే, బిగింపు అదే, నొక్కిన చెయ్యీ అదే. మరి తేడా ఎక్కడిది? బిగిసిన వాటిని వేరుగా పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని వాటి అడుగుభాగాలు చూశాడు. ప్రతిదాని అంచు మీదా గోటితో నొక్కినట్టు చిన్న గాటు. పేల్చిన గుల్లని బయటికి విసిరేటప్పుడు టిపెనె తుపాకి పెట్టే గాటు అది. ఎన్ని ఏప్రిల్ నెలలు చూశాడు దాన్ని!

"ఓరి నీ పొట్ట పాడుగానూ," అన్నాడు పైకే.

నవ్వబోయి ఆగాడు. టిపెనె గుల్లలు తన వాటిలోకి ఎలా వచ్చాయి? తానే కలిపేశాడా? గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. గుర్తు లేకపోవడమే కదా అసలు జబ్బు! పై అరలో పాలపొడి డబ్బా పెట్టిన చోటే ఉంది. అందుకుని దించాడు. బరువుగానే ఉంది. మూత తీశాడు.

నిండా కంచె మేకులు.

ఈవెన్ ఆ మేకుల్ని చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. నిమ్ము చేసి తాను ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోనా షెడ్డంతా సర్దింది. తిరిగొచ్చేసరికి ఎక్కడ చూసినా ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలు, వాటి మీద ఆమె అక్షరాలు: మరలు, తీగ, ఇత్తడి. "ఇప్పుడు షెడ్డు షెడ్డులా ఉంది" అంటూ చేతులు దులుపుకుంది. ఈసారి తాను గుల్లలు తీసింది ఆ ఇత్తడి డబ్బాలోంచే. పిల్లకి ఆ రెండు డబ్బాల చట్టం ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అది మగవాళ్ళిద్దరి మధ్య నడిచిన గోల.

తన మతి బాగానే ఉంది! ముసలాయన స్టూలు మీద కూర్చుని, మేకుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత కోపం వచ్చింది. రాదూ మరి! ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చుని, అమ్మకి కూడా ఇలాగే మొదలైందంటుందా? ఏమేం అడగాలో అన్నీ మనసులో వరసగా పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం రోనా చీజ్ రోల్స్ వేడివేడిగా గుడ్డలో చుట్టుకుని తెచ్చింది. ఆమె మొహం చూశాక ఆ వరస చెదిరిపోయింది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు వాచి ఉన్నాయి. ఈవెన్ ఏమీ అనకుండా రెండు గుల్లలు, కొవ్వొత్తి ఆమె ముందుకి జరిపాడు.

"నువ్వే చూడు."

ఆమె మసి పట్టించింది. ఒకటి దిగింది, ఒకటి బిగిసింది. రెంటినీ తిరగేసి అడుగుభాగం చూసింది.

"ఈ గాటేంటి?"

"టిపెనె తుపాకిది."

"టిపెనె మామయ్య గుల్లలు నీ వాటిల్లోకి ఎందుకొచ్చాయి? నువ్వు వాటిని విడిగా..." ఆమె మాట మధ్యలో ఆగింది. మూత తీసి ఉన్న పాలపొడి డబ్బా కళ్ళబడింది. అందులో మేకులు తానే పోసింది. "అయ్యో. నేనే కదూ?"

"నువ్వే."

"చోటు కలిసొస్తుందని రెండూ ఒకదాంట్లో పోసేశా నాన్నా. పైగా నిన్ను... నిన్న నేనన్న మాట..." రోనా చేతుల్లో మొహం దాచుకుంది.

"ఇదుగో, ఊరుకో. నా తప్పు లేదా ఏంటి? చేసిన ప్రతి తూటానీ, మందు వెయ్యకముందే, గుల్లగా ఉన్నప్పుడే తుపాకిలో పెట్టి చూడాలి. నాకు నేను పెట్టుకున్న రూలు. ఈసారి తుపాకి నీ దగ్గరుంది. ఓసారి తెచ్చి చూపించవే అని అడగడానికి నాకు నామోషీ వేసింది."

"రేపు ఆ ఆఫీసరుకి చెప్పేస్తాలే. నువ్వు నిక్షేపంలా ఉన్నావని, ఎప్పటికీ ఇలాగే ఉంటావని."

"అది మాత్రం చెప్పకు," అన్నాడు ఈవెన్. "మీ అమ్మ విషయంలో మనిద్దరం ఎన్నాళ్ళు ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకున్నాం? ఏమీ కాలేదు, ఏమీ కాలేదు అంటూ. అది ఒక్కత్తే భయపడింది పాపం. నాకు అలా వద్దే తల్లీ. నువ్వు అబద్ధం చెప్పలేనన్నావు చూడు, నాకు నిన్న ఒళ్ళు మండింది గానీ, ఆ మాటే నాకు కావాలి."

చీజ్ రోల్స్ చల్లారాక తిన్నారు. తర్వాత ఇద్దరూ కూర్చుని గుల్లల్ని వేరుచేశారు. గాటున్నవాటిని రోనా ఒక్కొక్కటే పాలపొడి డబ్బాలో వేసింది. లోతుగా నొక్కితే ఇవీ పనికొస్తాయి కదా అని ఆమె అడిగితే, ఈవెన్ "వాటి జోలికి పోకు, వాడి పొట్ట అలాగే ఉండనీ" అన్నాడు.

గురువారం ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు, బూట్లు గుమ్మంలోనే విప్పాడు. ఈవెన్‌తో మాట్లాడటం అయ్యాక, కూతురితో ఒంటరిగా మాట్లాడాలన్నాడు. ఈవెన్ పెరట్లోకి వెళ్ళి బంగాళాదుంపలు తవ్వడం మొదలుపెట్టాడు. వంటింటి కిటికీ తెరిచే ఉంది. వినకూడదని అనుకుంటూనే పార ఆపాడు.

"మీ నాన్నగారి దగ్గర తుపాకి ఉండటానికి మీకేమైనా అభ్యంతరమా?"

"ఇవాళ లేదండీ," అంది రోనా. "అభ్యంతరం వచ్చిన రోజు మీ ఆఫీసుకి నేనే ఫోన్ చేస్తా. మొహమాటపడను."

"ఆ సంగతి ఆయనకి తెలుసా?"

"ఆయనే చెయ్యమన్నాడు."

పెరట్లో ఈవెన్ కళ్ళు తుడుచుకోబోతే చేతికున్న మట్టి మొహానికి అంటుకుంది. కడుక్కోవాలనిపించలేదు. పార మళ్ళీ నేలలోకి దించాడు.