వసారాలో రెండో పొయ్యి

నా కొడుకు చెడ్డవాడు కాదు. తాగడు, పెళ్లాం మీద చెయ్యెత్తడు. ఇద్దరు పిల్లల తండ్రయ్యాక కూడా ఎవరేది అడిగినా "అవ్వనడుగు" అంటాడు, అంతే. అవ్వంటే నేనే, వాడి తల్లిని. ఎడ్లు కొనాలన్నా అవ్వనడుగు, కోడలు పుట్టింటికి పోతానన్నా అవ్వనడుగు. రజాకార్ల గడబిడ సాగిన ఏడాది వాళ్ల బాపు పోయాడు. అప్పటికి వాడింకా పిల్లగాడు. అన్నీ నేనే చూసుకున్నాను. అబద్ధమెందుకు, ఆ మాట వింటే నాకు లోలోపల మురిపెంగానే ఉండేది.

ఒక ఎండాకాలం వాడకట్టు ఆడవాళ్లతో కొండగట్టుకు పోయాను. గుడి దగ్గర నిద్ర చేసి తిరిగొచ్చేసరికి చిన్న మనవరాలు చాప మీద సోయి లేకుండా పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. కోడలు తడిగుడ్డ వేస్తూ ఏడుస్తోంది. వాడు గుంజకు ఆనుకుని కూర్చున్నాడు.

"దవాఖానకు పోలేదారా?"

"నువ్వు అచ్చినంక పోదామని ఆగిన అవ్వా."

బండి కట్టించి చొప్పదండి దవాఖానకు తీసుకుపోయాను. పిల్ల బతికింది. కానీ ఇంకో పూట ఆలస్యమై ఉంటే? రేపు నేనే లేకపోతే?

పిల్ల లేచి తిరుగుతున్నాక మట్టి తెచ్చి, వసారాలో నా చేతులతోనే రెండో పొయ్యి వేశాను. మా దిక్కు వేరుపడతామనేది కొడుకులు. శోకాలు పెట్టేది తల్లులు. నేనే ఆ మాట అనేసరికి వాడకట్టంతా ముక్కున వేలేసుకుంది. "ఒక్కగానొక్క కొడుకును ఎల్లగొడుతుంది, గీమెకేం పుట్టింది?" అన్నారు.

"నేనేం తప్పు జేసిన అవ్వా?" అన్నాడు వాడు.

"తప్పు గాదు కొడుకా. ఇగ నీ పొయ్యి నీది, నీ సంసారం నీది. నన్ను అడుగకు."

మొదటి పొద్దున జల్లు పడి వాళ్ల కట్టెలు తడిశాయి. వాడు పొగలో ఊదుతున్నాడు, దగ్గుతున్నాడు. నా పొయ్యిలో నిప్పులు కణకణలాడుతున్నాయి. అయినా లేవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. అలవాటు కొద్దీ అందరికీ సరిపడా ఎసరు పెట్టాను, ఆ అన్నమంతా సాయంత్రం దాకా కుండలోనే ఉంది.

వాడు నేర్చుకున్నాడు. ఎడ్ల బేరం తానే చేశాడు, పెద్దపిల్లను బడిలో వేశాడు. నన్ను అడగలేదు. ఇదివరకు పొద్దున లేస్తే "తిన్నవా అవ్వా" అనేవాడు, ఇప్పుడు అదీ మానేశాడు. నేను గీసిన గీతను వాడు గోడ చేసుకున్నాడు. ఇదే కదా కావాలనుకున్నావు అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అయినా ఏడుపొచ్చేది.

ఒకనాడు నా పొయ్యి ఆరిపోయింది. పిడక పట్టుకుని వసారాలోకి పోయాను. పొయ్యి ముందు వాడే ఉన్నాడు, నిప్పులు చేతికందేంత దగ్గర్లో.

"జర నిప్పియ్యి కొడుకా."

వాడు తలెత్తలేదు.

"నీ కోడల్నడుగు" అన్నాడు.

కోడలు నీళ్లకు పోయింది. ఆమె వచ్చేదాకా పిడక పట్టుకుని అక్కడే నిలబడ్డాను.