ఆయిల్ పంపు మీద నాన్న పెట్టిన గుర్తు

మొన్న మా ఆయన కొత్తగా కొన్న కారులో మొదటిసారి ముందు సీటులో కూర్చున్నాను. ఆయన తాళం తిప్పగానే ఎదురుగా వరసగా వెలిగిన దీపాల్లో నా కళ్లు మాత్రం చుక్క కారుతున్న నూనెడబ్బా బొమ్మ మీదే ఆగిపోయాయి. ఇంజను అందుకోగానే మిగిలినవాటితో పాటు అదీ ఆరిపోయింది, ఆయన పాటలు పెట్టుకుని బండి కదిలించారు, నేను మాత్రం అది మళ్లీ ఎక్కడ వెలుగుతుందోనని కాశీబుగ్గ దాటేదాకా దాని వంకే చూస్తూ కూర్చున్నాను. కొందరికి పోలీసులను చూస్తే గుండె దడదడలాడుతుంది, నాకు ఆ చిన్న ఎర్రదీపాన్ని చూస్తే ఎవరో ఒకరిని అనుమానించాలనిపిస్తుంది. అది నాకు మా నాన్న నుంచి వచ్చిన ఆస్తి.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో మన ప్రాంతంలో అంబాసిడర్ కార్లకు గుండెలు మార్చేవారు. పెట్రోలు ఇంజను దించేసి, ఏ పాత వ్యానుదో డీజిలు ఇంజను ఎక్కించేవారు. పూండి పక్కన కొబ్బరీ జీడీ పండించుకునే మా నాన్న కూడా అలాంటి కారొకటి సంపాదించి ట్రిప్పులు తిప్పేవారు. దూరపు రేవుల్లో వేటపనికి వలస వెళ్లే సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లు పరుపుచుట్టలతో, బియ్యం మూటలతో పలాస స్టేషనుకి చేరేది ఎక్కువగా మా కారులోనే. ఆ ఇంజను ఎక్కించింది టెక్కలిలో షెడ్డు పెట్టుకున్న మా మావయ్య, అమ్మకు ఒక్కగానొక్క అన్న. కొత్త ఇంజను కారు కింద పట్టక, అడుగున ఆయిల్ నిలిచే చాంబరును కోసి, పొట్టి చేసి, మళ్లీ వెల్డింగు పెట్టి బిగించాడు. తాతయ్యా అమ్మమ్మా పోయాక అమ్మకు పుట్టిల్లంటే ఆ మావయ్య ఇల్లే. నాన్న ఊళ్లో అందరినీ కాదని టెక్కలి దాకా కారు తీసుకువెళ్లడం కూడా అమ్మ మొహం చూసే.

నాన్నకు అనుమానం అన్నం లాంటిది, పూటపూటా కావాలి. కొబ్బరికాయల వ్యాపారి లెక్కను నమ్మేవారు కాదు, పాలు పోసే ఆవిడ చెంబును నమ్మేవారు కాదు, నేను కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చుకునే పుస్తకాలను కూడా తిప్పి తిప్పి చూసి ఇందులో ఏముందో చెప్పమనేవారు. నేనేమో నలుగురిలో నోరు విప్పలేని పిల్లను, చెప్పలేక నిలబడితే అదొక కొత్త అనుమానం. ఇంజనుకు పోసే ఆయిల్ మాత్రం పలాసలో ఒక దుకాణంలో డ్రమ్ములోంచి విడిగా కొలిపించుకుని తెచ్చేవారు. అది ఆయనతో చిన్నప్పుడు బడిలో ఒకే పలక మీద రాసుకున్న స్నేహితుడి దుకాణం.

ఒక వేసవిలో, కారు ఆగి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ ఎర్రదీపం మినుకు మినుకుమనడం మొదలైంది. ఆయిల్ పైకి ఎక్కడం లేదనీ, పంపులో గేర్లు అరిగిపోయాయనీ, అదే సైజులో కొత్త పంపు వేస్తే చాలనీ మావయ్య చెప్పాడు. నాన్న తల ఊపి వచ్చేసి, మర్నాటి నుంచి పలాసలో కనిపించిన ప్రతి మెకానిక్కునీ అడగడం మొదలుపెట్టారు. మార్చిన ఇంజనుకి పెద్ద గేర్ల పంపే తట్టుకుంటుందని ఒకడన్నాడు. పొట్టి చాంబరుకి పెద్ద పంపు వేస్తే ఉన్న ఆయిలంతా ఒక్కసారే లాగేసి అడుగు ఎండబెడుతుందని ఇంకొకడు బెదిరించాడు. విడిభాగాల దుకాణంవాడు రెండు పంపులూ పక్కపక్కన పెట్టి, పెద్దదాని వైపు చూసి ఊరుకున్నాడట. నాన్నకు ఏ పంపు మంచిదన్న ప్రశ్న ఎప్పుడో పోయింది. మావయ్య చిన్నది చాలని ఎందుకన్నాడన్నదే మిగిలింది.

"మీ అన్న సిన్నది సాలంతన్నాడు. ఎందుకంతన్నాడో సెప్పు?" అని వాకిట్లో జీడిపిక్కలు ఆరబోస్తున్న అమ్మను నిలదీశారు.

"సాలుద్ది గనక అంతన్నాడు."

"ఎవుడైనా ఊరికినే సెప్తాడేటి?"

"మా అన్నియ్య సెప్తాడు," అని అమ్మ పిక్కలు సర్దుకుంటూనే ఉంది.

చివరికి నాన్న పెద్ద పంపే కొన్నారు. మేం టెక్కలి వెళ్లిన రోజు నేను వెనక సీటులో పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను గానీ, చూపంతా మావయ్య చేతుల మీదే ఉంది. అప్పటిదాకా నన్ను ఎత్తుకుని తిప్పిన చేతులుగానే తెలిసిన వాటిని, ఏ జేబులోకి ఏం పోతోందోనని కనిపెట్టి చూస్తున్నానని తెలిసి చూపు పుస్తకంలోకి దించేసుకున్నాను. అనుమానం కండ్లకలక లాంటిది, పక్కన కూర్చుంటే చాలు. మావయ్య పంపును అరచేతిలో పెట్టి బరువు చూసి నవ్వాడు.

"ఏటి బావా, కారుకి కొన్నావా, లారీకి కొన్నావా?"

"లోపలున్న ఇంజను కారుదేటి?" అన్నారు నాన్న.

"అదీ నిజమే. నీ ఇష్టం మరి. సాంబరు పొట్టిదని సెప్పినాను, గుర్తెట్టుకో."

ఆ రోజు మా కాయలు లారీకి ఎత్తవలసి ఉండడంతో నాన్న అక్కడ కాపలా ఉండడం కుదరలేదు. నన్ను వెంటబెట్టుకుని బస్సులో ఇంటికి వచ్చేశారు, సాయంత్రం ఒక్కరే వెళ్లి కారు తెచ్చుకున్నారు. దీపం వెలగలేదు. కొన్నాళ్ల పాటు నాన్న తన ఎంపిక గురించి ఎక్కినవాళ్లకీ దిగినవాళ్లకీ చెప్పుకున్నారు. తర్వాత ఒక ఉదయం వేటకు వలసపోయే ఊరివాళ్లను ఎక్కించుకుని వెళ్తుంటే, పలాస ఇంకా దూరంగా ఉండగానే దీపం వెలిగి మరి ఆరలేదు, ఇంజనులో సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. వాళ్లు పరుపుచుట్టలు నెత్తికెత్తుకుని పరుగెత్తినా రైలు అందలేదు. నాన్న కారును తాడు కట్టి లాగించుకుని వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పకుండానే, "మీ అన్న కొత్త పంపు దాసేసి పాతదే బిగించినాడు. ఇంక ఆ గడప తొక్కీది నేదు," అన్నారు.

ఆ వారంలోనే మావయ్య కొత్త ఇంట్లో పాలు పొంగించే ముహూర్తం ఉంది. ఆడపడుచు చేతి మీదుగా పాలు పొంగాలని మావయ్య ముందే కబురు పెట్టాడు, అమ్మ కట్టుకోవలసిన చీర మడత విప్పి పెట్టుకుంది. ఆ రోజు మేం వెళ్లలేదు. అమ్మ ఎప్పటిలాగే వంట చేసింది, చీర మళ్లీ పెట్టెలో పెట్టింది. ఆ రాత్రి నా డైరీలో ఏం రాయాలో తెలియక తేదీ వేసి వదిలేశాను.

నాన్న మావయ్యకు కబురు పంపారు, వచ్చి మా వాకిట్లో, తన కళ్ల ముందు ఇంజను విప్పమని. మావయ్య స్కూటరు మీద సామాన్ల సంచీతో వచ్చాడు. అమ్మ మంచినీళ్లు ఇస్తే, "పనయ్యాక తాగుతానమ్మీ," అని గ్లాసు అరుగు మీద పెట్టించి కారు కిందకు దూరాడు. చాంబరు దిగింది. అందులో ఉన్నది ఆయిల్ కాదు, ముదురుపాకం పట్టిన బెల్లంలా నల్లటి జిగురు. మావయ్య పంపును ఊడదీసి, గుడ్డతో తుడిచి, బయటకు వచ్చి నాన్న అరచేతిలో పెట్టాడు.

"సూసుకో బావా. నీ గుర్తుందో నేదో."

అప్పటిదాకా ఆ గుర్తు సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పంపు అంచు మీద ఆకురాయితో గీసిన రెండు ఏటవాలు గీతలు, వాటికి అడ్డంగా ఒకటి. వ్యాపారి కళ్లంలో నలుగురి కాయలూ కలిసిపోకుండా మా కొబ్బరికాయల డొక్క మీద నాన్న కత్తితో పెట్టే గాట్లే అవి. ఏటా మావయ్య ఇంటికి మేం పంపే బస్తాలో ప్రతి కాయ మీదా ఉండేవి. అంటే బిగించిన రోజునే మావయ్య ఆ గుర్తు చూశాడు, ఎందుకు పెట్టారో తెలుసుకున్నాడు, తెలిసీ నవ్వుతూ కారు అప్పగించాడు. అమ్మ ముందు పంపును చూసింది, తర్వాత నాన్నను చూసింది. నాన్న ఆ ఇనుపముక్కను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డారు.

అమ్మ చాంబరు దగ్గర కూర్చుని, పుల్లతో ఆ జిగురు కాస్త తీసి వాసన చూసింది. చిన్నప్పటి నుంచి జీడిపిక్కలు కొట్టిన మనిషి.

"ఇది జీడినూనె," అంది. "అన్నియ్యా, సేతులు కడిగేసుకో, పొక్కిపోతాయి."

పిక్కల పెంకుల్లోంచి కారే నల్లనూనె చూపుకు వాడేసిన ఇంజను ఆయిల్ లాగే ఉంటుంది, చవగ్గా దొరుకుతుంది. డ్రమ్ములో ఎవరో కలిపేశారు. ఇంజను వేడికి అది ముద్దకట్టి, పంపు ఆయిల్ పీల్చుకునే జాలీని పూర్తిగా మూసేసింది.

"గొంతుక్కి అడ్డం పడితే నోరు పెద్దది సేసుకుని ఏటి లాభం బావా?" అని మావయ్య చేతులు కడుక్కున్నాడు. ఆ మాటకు మామూలుగా అయితే నాన్న కూడా నవ్వేవారు.

మర్నాడు నాన్న పలాస దుకాణానికి వెళ్లి వచ్చారు. డ్రమ్ము తనకు ఎక్కడి నుంచో అలాగే వచ్చిందని స్నేహితుడు ప్రమాణం చేశాడట. ఆయనకు తెలిసి జరిగిందో తెలియక జరిగిందో ఇప్పటికీ తెలియదు, నాకు మాత్రం ఆ ప్రమాణం మీద నమ్మకం లేదు. నాన్న అప్పటి నుంచి సీలు వేసిన డబ్బాలే కొన్నారు. మావయ్య మోచేతుల దాకా పొక్కులు లేచి, చాలా రోజులు షెడ్డు మూసుకున్నాడు. క్షమించమనే మాట మా నాన్న నోటికి తెలియదు. కానీ ఆ ఏడు మావయ్య ఇంటికి వెళ్లిన బస్తాలో ఒక్క కాయ మీద కూడా గాటు లేదు.

కారు ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ పెద్ద పంపుతోనే తిరిగింది. రాకపోకలు మొదలయ్యాయి, అమ్మ ఆలస్యంగానైనా ఆ చీర కట్టుకుని అన్న ఇల్లు చూసివచ్చింది. మావయ్య పరాచికాలు మానలేదు. ఒక్క అలవాటు మాత్రం కొత్తగా వచ్చింది. చిన్న వాషరు మార్చినా సరే, తీసినదీ వేస్తున్నదీ గోనెపట్టా మీద పరిచి నాన్నను పిలిచేవాడు. "ఎందుకు బావా ఇయన్నీ" అని నాన్న అంటే, "సూసుకో బావా, సూసుకుంటే పోయిందేటి," అని నవ్వేవాడు. ఆ నవ్వు వినిపించగానే అమ్మ ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయేది. మా అన్నియ్య చూసుకుంటాడులే అనే మాట మళ్లీ ఆమె నోట వినలేదు.

ఇప్పుడు బండి బాగుకిస్తే విప్పిన ప్రతి భాగాన్నీ ఫోటో తీసి ఫోనుకు పంపిస్తున్నారు. మంచిదే, నేనూ పెద్దది చేసుకుని మరీ చూస్తాను, చూసినందుకు ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకునేంత దగ్గరివాళ్ల చేతికి మనం ఇప్పుడు ఏ పనీ ఇవ్వడం లేదు. కారు అమ్మేయడానికి కొద్ది నెలల ముందు, మావయ్య మా వాకిట్లో చివరిసారి ఇంజను విప్పిన రోజున, నాన్న కావాలనే కుర్చీని కారు వైపు వీపు వచ్చేలా తిప్పుకుని జీడితోటను చూస్తూ కూర్చున్నారు. పని ముగిసేదాకా ఒక్కసారి కూడా తల తిప్పలేదు. మావయ్య చేతులు తుడుచుకుని, పాత భాగాలున్న గోనెపట్టాను రెండు చేతులతో ఎత్తుకుని, కుర్చీ చుట్టూ తిరిగి వచ్చి నాన్న కాళ్ల ముందు పరిచాడు.