సంపెంగ మొక్కా, నా తనిఖీలూ

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కంటే చెక్‌లిస్టు మీద నమ్మకం ఎక్కువ. స్టీల్‌ప్లాంటులో తనిఖీ విభాగంలో కొత్తగా చేరాను. మా పెద్దసారు మొదటిరోజే, "కళ్ళతో చూడనిదానికి సంతకం పెట్టకమ్మా, కొంప మునుగుతుంది" అన్నారు. పాపం ఆయన అన్నది ఇనుపకడ్డీల గురించి. నేను ఆ మాటని పాలప్యాకెట్టుకీ, కూరలబండికీ, చివరికి కట్టుకున్న మొగుడికీ వర్తింపజేశాను. (పోర్టులో డ్యూటీ దిగి వచ్చిన మనిషిని "నిజంగానే టిఫిను తిన్నారా?" అని మూడుసార్లు అడిగేదాన్ని. ఆయనా మూడుసార్లూ ఓపిగ్గా తిన్నాననే చెప్పేవారు. దాంతో అనుమానం ఇంకా పెరిగేది.)

అప్పుడే భీమిలి రోడ్డులో, అలల చప్పుడు వినిపించేంత దూరంలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. మా అత్తయ్య కోనసీమ నుంచి ఒక సంపెంగ అంటు పంపింది. ఆవిడ కాపరానికొచ్చిన ఏడాది నాటిన చెట్టు ఆ వేసవి గాలివానకి కూలిపోయింది. దాని తాలూకు మిగిలింది ఈ ఒక్క అంటు మొక్కే. "కార్తీకంలో వస్తాను. అప్పటికిది బతికుండాలి. ఇనుము చూసుకునే పిల్లవి, మట్టి సంగతి నీకేం తెలుస్తుందిలే!" అని ఫోనులో అంది. ఆ చివరి మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఈ మొక్క బతక్కపోతే ఆవిడ ముందు ఇక జన్మలో తలెత్తుకోలేను.

ముందూ వెనకా పచ్చిక పరిచి, మొక్కలు నాటడానికి మా ఆయన ఒక మనిషిని తీసుకొచ్చారు. తెల్లవారకముందే పడవెక్కి వేటకెళ్ళి, పొద్దెక్కాక ఇళ్ళకు తోటలు వేసే మనిషి. రుషికొండ వైపు పెద్ద ఆఫీసుల ముందున్న పచ్చికంతా తన చేతిదేనన్నాడు. (అన్నాడు, మనం చూశామా?) మా ఆయనా అతనూ ఐదు నిమిషాల్లో "బావా, బావా" అనుకునేంత చుట్టాలైపోయారు. గునపంతో పాటు భుజాన చేపలవల వేసుకొచ్చిన ఆయనకి నేను మనసులో వలబాబాయ్ అని పేరు పెట్టుకున్నాను. వల చూడగానే నా అనుమానం లేచి కూర్చుంది.

వస్తూనే గడ్డికీ క్రోటన్లకీ తలల మీంచి నీళ్ళు గుమ్మరించాడు. "బాబాయ్, నీళ్ళు మొదట్లో పోస్తారా, నెత్తిన పోస్తారా?" అన్నాను. "రాత్రల్లా ఉప్పుగాలి కొడతాది మేడంగోరూ. పొద్దున్నే ఆకులకి మొగం కడగాల గదా!" అన్నాడు. సరే, అది ఒప్పుకున్నాను. కానీ సంపెంగ మొక్కని గంపలో పెట్టుకుని బయల్దేరేసరికి గేటుకి అడ్డం నిలబడ్డాను. "ఎక్కడికి?" "మా పడవకాడికండి. ఇది గోదారి మొక్క, ఒక్కసారే ఈ గాలికి తట్టుకోనేదు. పడవ సాటున పదిరోజులెట్టి, కూంత కూంత గాలి సూపించి తెత్తాను." సముద్రపు ఒడ్డున అందరూ చేసే పనేనట. నేను మొక్కని నాలుగువైపులా ఫోనులో ఫోటోలు తీసి, ఆకులు లెక్కపెట్టి మరీ పంపాను. తొమ్మిది.

పదిరోజుల తరవాత నేను డ్యూటీలో ఉండగా తెచ్చి నాటేశాడు. వచ్చి చూస్తే ఐదే ఆకులు! ఇంకేముంది, మొక్కని మార్చేశాడు. అసలు దానికి వేళ్ళున్నాయో, ఏ కొమ్మో విరిచి గుచ్చాడో! కళ్ళతో చూడందే ఎలా? మర్నాడు తెల్లవారుతూనే మెల్లగా మట్టి తవ్వి, మొక్కని పైకి లాగి చూశాను. వేళ్ళున్నాయి. ఉన్నాయి సరే, అవి సంపెంగ వేళ్ళేనని రుజువేమిటి? రెండు రోజులకి మళ్ళీ లాగాను. అలా వారంలో మూడు తనిఖీలు చేసి, ప్రతిసారీ బుద్ధిమంతురాలిలా మట్టి కప్పి, కాసిని నీళ్ళు పోసి డ్యూటీకి వెళ్ళిపోయేదాన్ని. (నవ్వకండి. తారీఖు వేసి పుస్తకంలో సంతకం కూడా పెట్టాను.)

మొక్క తల వాల్చేసింది. ఐదాకులు కాస్తా రెండయ్యాయి. కార్తీకానికి ఇంకో నెలే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మా అత్తయ్య మొక్కని ఏం చేశావు బాబాయ్? మార్చేశావు కదూ? రేపటినుంచి నువ్వు రావద్దు!" అనేశాను. వలబాబాయ్ మొహం నల్లబడిపోయింది. "గంగమ్మతల్లి మీదొట్టు మేడంగోరూ, నాను మార్సనేదు. మట్టి సూడండి, ఎంత గుల్లగుందో. ఏదో కింద కెలుకుతంది. పందికొక్కయ్యుంటాది. ఒక్క రోజు టైమియ్యండి, దాని సంగతి నాను సూత్తాను." నేను మూతి బిగించుకుని, "ఒక్క రోజే" అన్నాను.

ఆ సాయంత్రం అతనేం చేశాడో నాకు తెలీదు, డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చాను. మర్నాడు తెల్లవారుతూనే నాలుగో తనిఖీకి దిగాను. రెండు చేతులూ మట్టిలో పెట్టానో లేదో, సన్నని దారమేదో వేళ్ళకి చుట్టుకుంది. లాగితే మణికట్టుకి బిగిసింది. గాజులు దాని కన్నాల్లో ఇరుక్కున్నాయి. మొక్క చుట్టూ పాతవల పరిచి పైన పల్చగా మట్టి చల్లాడు మహానుభావుడు! ఎంత గింజుకుంటే అంత బిగుసుకుంటోంది. మా ఆయన్ని కేకేద్దామంటే పరువు అడ్డొచ్చింది. అంతలో గేటు చప్పుడైంది. పందికొక్కు పడిందేమో చూద్దామని వేట మధ్యలోనే ఒడ్డెక్కి, తడిలుంగీతో వలబాబాయ్.

నన్ను చూశాడు. వలని చూశాడు.

"మేడంగోరూ, మా వైపు పందికొక్కులు గాజులేసుకోవండి" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుస్తూ, మూడు తనిఖీల సంగతీ అక్కడే ఒప్పేసుకున్నాను. అతను గొంతుక్కూర్చుని, ఒక్క గాజైనా చిట్లకుండా వల విడదీస్తూ, "ఏటమ్మా ఇది? మొక్క పేణం పోసుకుంటన్నప్పుడు మాటిమాటికీ నిద్దర నేపితే ఎలగ? నాను సెప్పేవరకూ ముట్టుకోకండి, అంతే" అన్నాడు. 'రేపటినుంచి రావద్దు' అన్న మాట ఇద్దరం మళ్ళీ ఎత్తలేదు. మా ఆయనకీ అతను చెప్పలేదు.

కార్తీకంలో అత్తయ్య వచ్చేసరికి మొక్క నాలుగు లేతాకులు వేసి నిలబడింది. ఆవిడ వాటిని మునివేళ్ళతో నిమిరి, కళ్ళు తుడుచుకుని, "ఎవరు పెంచారు?" అంది. వలబాబాయ్ తల దించుకుని గడ్డి కోస్తూనే, "మేడంగోరేనమ్మా. ఒక్కరోజు కూడా దాన్ని ఒగ్గీనేదు" అన్నాడు. అత్తయ్య నా తలమీద చెయ్యి వేసింది. అంత దొంగ ఆశీర్వాదం మళ్ళీ ఎప్పుడూ తీసుకోలేదు.

ఇప్పుడా చెట్టు మేడ దాటింది. పూలకాలంలో వీధి చివరికే తెలిసిపోతుంది. విభాగంలో కొత్తగా చేరిన పిల్లలకి "చూడనిదానికి సంతకం పెట్టొద్దు" అని నేనే చెబుతున్నాను, చెప్పి గాజులు సర్దుకుంటాను. వలబాబాయ్ వేట మానేశాడు గానీ మా తోట మానలేదు. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు సంపెంగ దగ్గరికెళ్ళి, రెండు చేతులతో మాను పట్టుకుని ఒక్కసారి లాగి చూస్తాను. కదలదు. గేటు దగ్గర దగ్గు వినిపిస్తే మాత్రం, చప్పున చేతులు వెనక్కి పెట్టేసుకుంటాను.