గాలి గొట్టం పట్టినవాడు

అమర్‌నాథ్‌కి ఈత రాదు. నిమ్‌పురా రైల్వే కాలనీలో పట్టాల పక్కన పుట్టి పెరిగినవాడికి ఈత ఎక్కడ వస్తుంది? తాత ఇచ్ఛాపురం దగ్గర్నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. తండ్రి ఫిట్టరయ్యాడు. అమర్ వంతు వచ్చేసరికి పర్మనెంటు ఉద్యోగం లేదు, కాంట్రాక్టరు కింద ఆరేళ్ళు ఇంజన్ల ఎయిర్ కంప్రెసర్లు విప్పి బిగించాడు. గాలి ఎక్కడ లీకవుతోందో చెవితోనే పట్టేసేవాడు. ఆ కాంట్రాక్టు కూడా పోయాక, ఒకరోజు పోర్ట్‌బ్లెయిర్ నుంచి బావ రాజశేఖర్ ఫోన్ చేశాడు.

"నాకాడొక కంప్రెసరుంది. సూసుకునే మనిషి లేడు. నువ్వొచ్చీ."

రాజశేఖర్ అమర్ అప్ప చిట్టెమ్మకి మొగుడు. రాత్రిపూట పగడపు దిబ్బల మీదికి దిగి, రాళ్ళ సందుల్లో నిద్రపోయే చేపల్ని బల్లెంతో పొడవడం, లాబ్‌స్టర్లని చేత్తో పట్టడం అతని పని. వీపు మీద సిలిండరు ఉండేది కాదు. పడవలో కంప్రెసరు నడుస్తుంటే దాన్నుంచి ఒక పసుప్పచ్చ గొట్టం నీళ్ళలోకి వెళ్ళేది. దాని కొస నోట్లో కరుచుకుని పది నిలువుల లోతున గంటల తరబడి తిరిగేవాడు. పైన ఆ గొట్టం పట్టుకుని కూర్చోవడం అమర్ పని. ఒకసారి లాగితే బాగానే ఉన్నానని, రెండుసార్లు లాగితే ఇంకాస్త వదలమని, మూడుసార్లు లాగితే పైకి రావాలని గుర్తు.

మూడు నెలలుండి వచ్చేద్దామనుకున్నాడు అమర్. చుట్టూ నల్లటి నీళ్ళు, కింద ఎక్కడో బావ టార్చి వెలుగు. ఆ గొట్టం వదిలి ఒంటికి వెళ్ళడానికి కూడా లేచేవాడు కాదు. ఇంజను చప్పుడు రవ్వంత మారితే వంగి కంప్రెసరుకి చెవి ఒగ్గేవాడు. మూడో నెల చివర, ఇంటికి పోతానని నోరు తెరిచి అడిగాడు.

"నువ్వెల్తే నేను దిగను. ఇంకొకడి సేతిలో నా ఊపిరెట్టలేనురా" అన్నాడు రాజశేఖర్.

ప్రేమగానే అన్నాడు. దానికి ఎదురు చెప్పడం అమర్ వల్ల కాలేదు. అలా రెండేళ్ళు గడిచిపోయాయి.

ఆ రెండేళ్ళలో బాగున్నది ఏదైనా ఉంటే అది తెల్లవారుజామున వంట. మనుషులు లేని ఏదో దీవి ఒడ్డున పడవ ఆపి, కొబ్బరి పీచుతో మంట వేసేవారు. రాజశేఖర్ ఒక చేపని శుభ్రం చేసి, ఒంటినిండా గాట్లు పెట్టి, పచ్చిమిర్చి, వెల్లుల్లి, చింతపండు, పసుపు రాతి మీద నూరి పట్టించేవాడు. ఆకులో చుట్టి నిప్పుల్లో పెట్టేవాడు. మొదటి ముక్క ముల్లు తీసి అమర్ చేతిలో పెట్టేవాడు. కింద ఏం చూశాడో అప్పుడు చెప్పేవాడు. నిద్రపోయే చేప చుట్టూ జిగురు తెర ఉంటుందని, టార్చి వేస్తే అది గాజు సంచిలా మెరుస్తుందని. "నువ్వూ ఒకసారి సూడాలిరా" అనేవాడు. అమర్ నవ్వి ఊరుకునేవాడు.

ఆ రాత్రి దిగబోయే ముందు రాజశేఖర్ రోజూ అడిగేదే అడిగాడు. "బెల్టు బాగుందా?"

కంప్రెసరు బెల్టు అంచున మూడు దారాలు వేలాడటం అమర్ సాయంత్రమే చూశాడు. పెట్టెలో కొత్తది ఉంది. మార్చాలంటే అరగంట. అప్పటికే పోటు తిరుగుతోంది, బావ కళ్ళద్దం పెట్టేసుకున్నాడు.

"ఈ రాత్రికి సరిపోద్ది బావా" అన్నాడు.

గంటన్నర తర్వాత తెగింది. ఇంజను మాత్రం బరువు దిగినట్టు గట్టిగా తిరిగింది. మీటరు ముల్లు పడిపోవడం మొదలైంది. అమర్ గొట్టాన్ని మూడుసార్లు లాగాడు, మళ్ళీ లాగాడు. రాజశేఖర్ ఆగి ఆగి రావలసిన లోతునుంచి ఒక్క ఊపున పైకొచ్చేశాడు. ముక్కునుంచి కాస్త రక్తం. సంచిలో రెండు లాబ్‌స్టర్లు, ఒక పెద్ద చేప. పడవ అంచు పట్టుకుని, "ఏటైందిరా?" అన్నాడు.

"బెల్టు తెగింది. ఇంకా నెల్లాళ్ళు రావాల్సింది. నకిలీ సరుకు బావా."

అబద్ధం తడుముకోకుండా వచ్చింది. బావ అటు తిరిగి తల తుడుచుకుంటున్నప్పుడు, తెగిన ముక్కని సముద్రంలోకి విసిరేశాడు.

ఒడ్డుకి చేరారు. రాజశేఖర్ మామూలుగానే మంట వేశాడు, చేప కాల్చాడు. భుజాలు నొప్పి అన్నాడంతే. తిన్నాక చెయ్యి కడుక్కుందామని లేవబోయి లేవలేకపోయాడు. రెండోసారి ప్రయత్నించాడు. తన కాళ్ళవంక వాటిని ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

"అమరా, నా కాళ్ళేవిరా?"

అమర్‌కి పడవ నడపడం రాదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఒడ్డుమీద బావ తల ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు, ఇంకొక చేపల పడవ అటు వచ్చేవరకు. ఆస్పత్రిలో ఇనప గదిలాంటి దాంట్లో పెట్టి గాలి ఒత్తిడి ఎక్కించారు. ఒంటినొప్పులు తగ్గాయి. కాళ్ళు మాత్రం రాలేదు. ఆ లోతునుంచి ఒక్కసారిగా పైకొస్తే రక్తంలో గాలి బుడగలు కట్టి నరాలు దెబ్బతింటాయని, త్వరగా తెచ్చుంటే బాగుండేదని అన్నాడు డాక్టరు.

ఇది జరిగి నాలుగేళ్ళు. ఇప్పుడు ముగ్గురూ నిమ్‌పురాలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. చిట్టెమ్మ రైల్వే బంగళాల్లో వంట చేస్తుంది. అమర్ సైకిలు మీద విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌కి పోయి ఒక ఫ్యాక్టరీలో కంప్రెసర్లు చూసుకుంటాడు. పొద్దున బావని ఎత్తి స్నానాల గదికి తీసుకెళ్ళేదీ, రాత్రి పక్క మార్చేదీ అతనే. విశాఖలో మంచి పని ఉందని స్నేహితుడు పిలిస్తే వెళ్ళలేదు. చిట్టెమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది, "నా తమ్ముడు లేకపోతే మా ఆయన ఆ ఇసకలోనే పోయుండేవోడు" అని. ఆ మాట మొదలైతే అమర్ ఏదో పని ఉన్నట్టు బయటికి పోతాడు. ఎంత దూరం పోతాడు? వీధి చివర దాకా పోయి, బావకి మందు వేసే వేళయిందని తిరిగి వస్తాడు.

ఆదివారాలు గోల్‌బజార్ నుంచి భెట్కీ చేప తెస్తాడు. రాజశేఖర్ వాకిట్లో బొగ్గుల పొయ్యి ముందు పీట మీద కూర్చుని, ఆ పాత పద్ధతిలోనే ఆకులో చుట్టి కాలుస్తాడు. వారం మొత్తంలో అతని ముఖం వెలిగేది ఆ గంటసేపే. మొదటి ముక్క ఇప్పటికీ అమర్‌కే.

కిందటి వానాకాలంలో ఒకరోజు ఫ్యాక్టరీలో బెల్టు అంచు చీలడం అమర్ చూశాడు. ఆపాలన్నాడు. సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. "ఆజ్‌కే చోలే జాబే, దాదా" అన్నాడు, ఈ పూటకి నడిచిపోతుందని. అమర్ వెళ్ళి స్విచ్చి కట్టేశాడు. గొడవైంది. మూడు రోజులు పనికి రావద్దన్నారు. ఇంటికొచ్చేసరికి అప్ప లేదు. రాజశేఖర్ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు.

అమర్ నేలమీద కూర్చుని అంతా చెప్పేశాడు. దారాలు, పెట్టెలో కొత్త బెల్టు, నీళ్ళలోకి విసిరిన ముక్క. తల ఎత్తకుండా చెప్పాడు.

రాజశేఖర్ చేతిలో కాయని పక్కన పెట్టి అన్నాడు. "ఇప్పుడెందుకు సెప్పినావు?"

"మొయ్యలేకపోతన్నాను బావా."

"అందుకని నా మీదెట్టినావా?"

ఆ తర్వాత పదకొండు రోజులు మాట్లాడలేదు. అమర్ ఎత్తితే ఎత్తించుకునేవాడు, ముఖం మాత్రం గోడవైపు. వేరే దిక్కు లేదు కాబట్టి ఆ చేతుల్నే పట్టుకోవలసి వచ్చేది. ఒక ఆదివారం వంట లేకుండానే పోయింది. చిట్టెమ్మ, "మీ ఇద్దరికీ ఏటైంది?" అని అడిగి అడిగి విసిగిపోయింది.

రెండో ఆదివారం అమర్ చేప తేలేదు. తొమ్మిదింటికి రాజశేఖర్ లోపల్నుంచి పిలిచాడు.

"బజారుకెల్లలేదా?"

వెళ్ళి తెచ్చాడు. పొయ్యి ముట్టించి, బావని ఎత్తి పీట మీద కూర్చోబెట్టాడు. లోపల చిట్టెమ్మ బియ్యం కడుగుతున్న చప్పుడు. రాజశేఖర్ చేపకి గాట్లు పెడుతూ గొంతు తగ్గించి అన్నాడు.

"మీ అప్పకి సెప్పకు. తెలిస్తే నీ మొహం సూడదు. అప్పుడు మనం ముగ్గురం ఈ కొంపలో ఎలాగుంటాం? నన్నెవరు ఎత్తుతారు?"

"సెప్పను."

"నిన్ను మన్నించినాననుకోకు. అది వేరే."

అమర్ తల ఊపాడు. మసాలా పట్టిస్తున్న ఆ చేతుల వంక చూస్తూ విసనకర్రతో బొగ్గుల మీద విసిరాడు. చేప కాలాక చిట్టెమ్మ కంచాలు తెచ్చింది. రాజశేఖర్ మొదటి ముక్క తనే తిన్నాడు. రెండోది ముల్లు తియ్యకుండా అమర్ కంచంలో వేశాడు. అమర్ ముళ్ళు తీసుకుంటూ నెమ్మదిగా తిన్నాడు.