తాడు పట్టిన చేతికి వాటా

సముద్రం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

భుజం నొప్పికి సీతమ్మధారలో థెరపీ సెంటర్‌కి తిరిగే రోజుల్లో చూశానాయన్ని. కాళ్లలో పట్టులేని కూతుర్ని చంకనేసుకొచ్చే జాలరి. మిగతా తల్లిదండ్రులు బయట కూర్చుంటే, ఆయన లోపల పిల్ల వెనకే మోకాళ్లమీద కూర్చుని, థెరపీ మేడం చేయించే కసరత్తులన్నీ తనూ చేయించేవాడు. ఎందుకని అడిగితే ఒకటే మాట: "సెయ్యేస్తేనే కదా బావా వాటా!"

వాళ్ల రేవులో ఒడ్డుకు లాగే పెద్ద వల తాడు ఎవరు పట్టినా చేపల్లో వాటా ఉంటుంది. కూతురు నిలబడి ఆ తాడు పట్టాలన్నది ఆయన ఆశ.

ఓ ఆదివారం నన్నూ రమ్మన్నాడు. మంచులో ఓడలు ఆకాశానికి వేలాడుతున్నాయి. తాడు మబ్బుల్లోంచే దిగుతున్నట్టుంది. తడి ఇసుకలో పిల్లను మోకాళ్ల మధ్య పట్టుకుని, దాని చేతులమీద తన చేతులేశాడు.

"వల లాగతన్నావా, గుంటని ఆడిస్తన్నావా?" అన్నారు తోటివాళ్లు, పిల్లను చూసి.

"రెండూనురా! లాగమ్మా!"

పిల్ల లాగింది. లాగుతూ లాగుతూ లేచి నిలబడింది. వలలోని వంజరం చేప రెక్కలు జోడించి దానికి దండం పెట్టింది. వాటాలు పంచే పెద్దాయన చిన్న కుప్ప వేరుగా పోసి, "ఇది గుంట వాటా" అన్నాడు.

ఇక ఒప్పుకుంటాను. చేప దండం నేనల్లిందే. పిల్ల నిలబడడం కూడా. అది కూర్చునే లాగింది.

వాటా మాత్రం నిజం. ఆ కుప్పను మోయబోయిన తండ్రిని పిల్ల కసిరిన మాటా నిజమే: "సెయ్యెయ్యకు నాన్నా, ఇది నాది!"